నిర్ణయం అయిపోయాక అడిగే ప్రశ్న: దేవుని చిత్తం గురించి బైబిలు చూపించేది

హైదరాబాద్‌లో ఏ సంఘంలో యూత్ మీటింగ్ పెట్టినా తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలి?" ఆ ప్రశ్న వెనక ఎప్పుడూ ఒక నిర్ణయం ఉంటుంది. గచ్చిబౌలిలో ఉన్న ఉద్యోగం వదిలి అమెరికాలో ఎం.ఎస్.కి వెళ్లాలా, ఇంట్లో చూసిన సంబంధానికి ఒప్పుకోవాలా, కొంపల్లిలో ఫ్లాట్ కోసం 20 ఏళ్ల లోను తలకెత్తుకోవాలా. జవాబుగా పెద్దలు కొన్ని పద్ధతులు చెబుతారు. ఉపవాసం ఉండండి, వాక్యం చదవండి, అనుభవం ఉన్నవాళ్లను అడగండి, మనసులో సమాధానం, అంటే నెమ్మది, ఉందో లేదో చూసుకోండి, తలుపులు తెరుచుకుంటున్నాయేమో గమనించండి.

ఇవేవీ చెడ్డ సలహాలు కావు. అయితే బైబిల్లో మనుషులు దేవుణ్ణి దారి అడిగిన సందర్భాలను వరసపెట్టి చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. పద్ధతి తెలియక దారి తప్పినవాళ్లు అక్కడ చాలా తక్కువ. నిజమైన దేవుణ్ణే, నిజమైన ప్రవక్త ద్వారానే, ఎంతో భక్తిగల మాటలతో అడిగి కూడా తప్పిపోయినవాళ్లే ఎక్కువ. వాళ్లకు జవాబు అందింది. ఆ జవాబు "వద్దు" అయితే ఏం చేయాలన్నది మాత్రం వాళ్లు ముందే తేల్చేసుకున్నారు.

దీన్ని అన్నిటికన్నా స్పష్టంగా చూపించేది యిర్మీయా గ్రంథం 40 నుంచి 43 వరకు ఉన్న అధ్యాయాలు. మన సంఘాల్లో వీటి మీద ప్రసంగం వినపడడం అరుదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును తగలబెట్టింది. మందిరం బూడిదైంది. సిద్కియా రాజు కళ్లు పీకించి సంకెళ్లతో తీసుకుపోయారు. మిగిలిన పేదల మీద గెదల్యా అనే ఆయనను బబులోను రాజు అధికారిగా నియమించాడు. ఏడో నెలలో రాజవంశానికి చెందిన ఇష్మాయేలు వచ్చి, మిస్పాలో గెదల్యాతో కలిసి భోజనం చేస్తూనే ఆయన్ని చంపేశాడు. అక్కడున్న కల్దీయుల, అంటే బబులోను, సైనికులను కూడా వదల్లేదు.

ఇక్కడ కారేహ కుమారుడైన యోహానాను వస్తాడు. ఈయన దుర్మార్గుడేమీ కాదు. ఈ హత్య జరగబోతోందని ముందే పసిగట్టి గెదల్యాను హెచ్చరించింది ఈయనే. గెదల్యా నమ్మలేదు. తర్వాత ఇష్మాయేలు చెరపట్టుకుపోతున్న జనాన్ని వెంటాడి విడిపించింది కూడా ఈయనే. ఇప్పుడు ఆ జనమంతా యోహానాను చేతిలో ఉన్నారు. తాము నియమించిన అధికారిని చంపినందుకు బబులోను వాళ్లు వచ్చి అందరినీ నరికేస్తారని వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. ఒకసారి తన అంచనా నిజమై, జనం ప్రాణాలు కాపాడినవాడికి రెండోసారి తన అంచనాను పక్కన పెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి.

వాళ్లందరూ ప్రవక్త యిర్మీయా దగ్గరికి వచ్చారు, చిన్నల నుంచి పెద్దల దాకా. మేము నడవాల్సిన మార్గం, చేయాల్సిన పని నీ దేవుడు తెలియజేసేలా ప్రార్థన చెయ్యి అన్నారు. అంతటితో ఆగలేదు. మేలైనా కీడైనా ఆయన మాట వింటామని, వినకపోతే యెహోవాయే మా మీద సాక్షిగా ఉండాలని ఒట్టు పెట్టుకున్నారు. ఇంతకన్నా మంచి ప్రార్థన మనవి ఏ కూటంలో వింటాం? ఎవరైనా ఇలా అడిగితే "ఆమెన్" అనకుండా ఉండగలమా?

కానీ 41వ అధ్యాయం చివర్లో ఒక చిన్న వివరం ఉంది, చాలామంది దాన్ని దాటుకుంటూ చదివేస్తారు. యిర్మీయాను అడగకముందే వాళ్లు బేత్లెహేము దగ్గర గెరూతు కింహాములో దిగి ఉన్నారు, ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, వెళ్లాలనే ఉద్దేశంతో. మిస్పా యెరూషలేముకు ఉత్తరాన ఉంది. బేత్లెహేము దక్షిణాన, ఐగుప్తు దారిలో ఉంది. అంటే మూటలు కట్టుకుని ఐగుప్తు దారి పట్టి, అక్కడ కూర్చుని "ఎటు వెళ్లాలి ప్రభువా" అని అడుగుతున్నారు. ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టేసి, ఆ తర్వాత కాగితాలు పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లే మనిషిలా. ఆ లాయర్ బాగుందంటే సంతోషం. బాగాలేదంటే ఆ లాయర్‌కి ఏమీ తెలియదు.

పది రోజులు గడిచాక యెహోవా వాక్కు వచ్చింది. పది రోజులన్న మాట గమనించండి. యిర్మీయా అప్పటికి 40 ఏళ్లుగా ప్రవక్త. బబులోనుకు లొంగి బతకమని సంవత్సరాలుగా చెబుతూనే ఉన్నాడు. తన అభిప్రాయం ఆ నిమిషంలోనే చెప్పేయగలడు. చెప్పలేదు. తన ఆలోచనను దేవుని మాటగా అమ్మకుండా ఆగాడు. ప్రవచనం చెప్పేవాళ్లు ఈ పది రోజుల మౌనాన్ని మనసులో పెట్టుకుంటే మన సంఘాల్లో ఎంతో నొప్పి తగ్గుతుంది.

వచ్చిన జవాబు: ఈ దేశంలోనే ఉండండి, నేను మిమ్మల్ని కడతాను, నాటుతాను, బబులోను రాజుకు భయపడకండి. ఐగుప్తుకు వెళ్తే మాత్రం మీరు ఏ ఖడ్గానికి, ఏ కరువుకు భయపడుతున్నారో అవే అక్కడ మిమ్మల్ని పట్టుకుంటాయి. యిర్మీయా దీనితో పాటు, మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నారు అన్నాడు. నన్ను మోసం చేశారని అనలేదు. బహుశా ఒట్టు పెట్టుకునేటప్పుడు తాము నిజమే చెబుతున్నామని వాళ్లు నమ్మి ఉంటారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. యథార్థత లేకపోవడం అంటే కావాలని అబద్ధమాడడం అనుకుంటాం, కానీ తన నిర్ణయం ముందే జరిగిపోయిందన్న సంగతి మనిషికి తెలియకపోవచ్చు కూడా.

జవాబు వినగానే యోహానాను, అతనితో ఉన్న గర్విష్ఠులు "నువ్వు అబద్ధమాడుతున్నావు, దేవుడు నిన్ను పంపలేదు, ఆ బారూకే నిన్ను మా మీద ఎగదోస్తున్నాడు" అన్నారు. నిన్నటిదాకా నమ్మదగిన ప్రవక్త ఇవాళ తన లేఖకుడి చేతిలో కీలుబొమ్మ అయిపోయాడు. దేవుని మాటను నేరుగా కాదనలేనప్పుడు అది దేవుని మాటే కాదని అనడం మిగిలిన ఒకే దారి. తర్వాత యిర్మీయాను, బారూకును కూడా తీసుకుని ఐగుప్తులోని తహపనేసు చేరారు.

ఇది చదివిన యువతీయువకుల్లో కొందరికి భయం పట్టుకుంటుంది. నాకు ఒక ఇష్టం ఉంది కాబట్టి నా ప్రార్థన యథార్థమైనది కాదేమో, మనసు పూర్తిగా ఖాళీ చేసుకుంటేనే దేవుడు మాట్లాడతాడేమో అని టెన్షన్ పడతారు. సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే తోట ఈ భయాన్ని తీసేస్తుంది. యేసు తన ఇష్టం లేనట్టు నటించలేదు. సాధ్యమైతే ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోవాలని సూటిగా అడిగాడు, మూడుసార్లు అదే ప్రార్థన చేశాడు. "అయినను నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్న మాట ఆ ఇష్టాన్ని చెప్పుకున్న తర్వాత వచ్చింది. యోహానాను గుంపు ప్రార్థనలో ఐగుప్తు పేరే ఎత్తలేదు చూడండి. మాకు అక్కడికి వెళ్లాలని ఉంది, ఇక్కడ ఉండాలంటే భయంగా ఉంది అని చెప్పి ఉంటే ఆ కథ ఎలా నడిచేదో. కోరికను దేవుని ముందు బయట పెట్టినవాడికి దాన్ని వదులుకునే అవకాశం ఉంటుంది. దాచుకున్నవాణ్ణి ఆ కోరికే నడిపిస్తుంది.

ఇశ్రాయేలు రాజు అహాబు సంగతి వేరు. అతను దాచుకోలేదు. రామోత్గిలాదు మీద యుద్ధానికి వెళ్లాలా అని సుమారు 400 మంది ప్రవక్తలను అడిగితే అందరూ వెళ్లమన్నారు. యూదా రాజు యెహోషాపాతుకు అనుమానం వచ్చి, అడగడానికి యెహోవా ప్రవక్త ఇంకెవరూ లేరా అన్నాడు. ఒకడున్నాడు, ఇమ్లా కుమారుడు మీకాయా, కానీ నా గురించి ఎప్పుడూ మంచి చెప్పడు, అందుకే అతనంటే నాకు ద్వేషం అన్నాడు అహాబు. మీకాయాను పిలవడానికి వెళ్లిన దూత దారిలో ఆయనకు చెప్పిన మాట మనకు బాగా తెలిసిన మాటే: అందరూ ఒకే నోటితో మంచి చెబుతున్నారు, మీరూ అలాగే చెప్పండి. పెళ్లి సంబంధం గురించో వీసా గురించో ప్రార్థన చేయించడానికి పాస్టర్ గారిని ఇంటికి తీసుకొస్తూ, "అయ్యగారూ, పిల్లకు బాగా నచ్చింది, మీరు కాస్త ధైర్యం చెప్పండి" అని కారులోనే చెప్పే బంధువులు మన మధ్య లేరా? ఒక అయ్యగారు కాస్త ఆగమంటే సికింద్రాబాద్‌లో ఇంకొకరి దగ్గరికి, ఆయనా తటపటాయిస్తే ఫోన్‌లో మరో సేవకుడి దగ్గరికి వెళ్లి, చివరికి ఒకరు "వెళ్లండి, ప్రభువు తోడుంటాడు" అనగానే సాక్ష్యం చెప్పేస్తాం. మొదట వచ్చిన రెండు మాటలు ఆ సాక్ష్యంలో ఉండవు.

ఇశ్రాయేలీయులను శపించమని మోయాబు రాజు బాలాకు పిలిపించిన బిలాము కూడా మొదటిసారే స్పష్టమైన జవాబు పొందాడు: వాళ్లతో వెళ్లకు, ఆ జనం ఆశీర్వదించబడినవాళ్లు. బాలాకు ఇంకా ఘనులైన మనుషులను, ఇంకా పెద్ద వాగ్దానాలతో పంపేసరికి, ఈ రాత్రి ఆగండి, యెహోవా ఇంకేం చెబుతాడో చూద్దాం అన్నాడు. ఈసారి "వెళ్లు" అన్న అనుమతి వచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. దేవుడు ఎందుకు అనుమతించి కోపగించాడన్న దానిపై వ్యాఖ్యాతలు ఎన్నో రకాలుగా రాశారు. నాకు అర్థమైనంతలో ఇక్కడ పరిస్థితిలో మారింది ఒక్కటే, ఇవ్వజూపిన డబ్బు, గౌరవం. జీతం పెరిగిందని మళ్లీ ప్రార్థన మొదలుపెట్టేవాళ్లు ఈ అధ్యాయం దగ్గర కొంచెం ఆగాలి.

అసలు చాలా విషయాల్లో మనం అడగాల్సిన పనే లేదు, ఎందుకంటే జవాబు ముందే ఇచ్చి ఉంది. దీన్ని చెప్పేటప్పుడు నాకు యెషయా 58 గుర్తొస్తుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు తీసుకునే అలవాటు మన తెలుగు సంఘాల్లో ఉంది. ఆ కార్డుల మీద తరచుగా కనబడే వచనం ఆ అధ్యాయంలోని 11వది: "యెహోవా నిన్ను నిత్యము నడిపించును." నీరు కట్టిన తోటలా ఉంటావన్న మాట కూడా అందులోదే. నడిపింపు కోరుకునే ఎవరికైనా ఇంతకన్నా ఏం కావాలి? అయితే ఆ అధ్యాయం మొదలయ్యేది వేరే చోట. ఆ జనం రోజూ దేవుణ్ణి వెదకుతున్నారు, ఆయన మార్గాలు తెలుసుకోవాలని ఇష్టపడుతున్నారు, ఉపవాసం ఉంటున్నారు, మేం ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవు అని అడుగుతున్నారు. దానికి వచ్చిన జవాబు: ఉపవాసం రోజున మీ పనివాళ్లతో కఠినంగా పని చేయిస్తున్నారు, జగడాలు ఆడుతున్నారు. కాడిని విరగ్గొట్టండి, ఆకలిగొన్నవాడికి మీ ఆహారం పెట్టండి, దిక్కులేనివాణ్ణి ఇంట చేర్చుకోండి. నడిపిస్తానన్న వాగ్దానం ఈ మాటల తర్వాత, వాటిని ఆనుకుని వస్తుంది. కార్డులో 11వ వచనానికే చోటుంది, 6 నుంచి 10 వరకు మన పుస్తకంలో మనమే చదువుకోవాలి.

ఇది హైదరాబాద్‌లో మనకు ఎంత దగ్గరి విషయమో చూడండి. పొద్దున్నే అడ్డా మీద నుంచి కూలీని తెచ్చుకుని సాయంత్రం డబ్బులు "రేపు తీసుకో" అనే ఇంట్లో, అదే రాత్రి కొత్త వ్యాపారం గురించి దేవుని చిత్తం కోసం ఉపవాస ప్రార్థన జరగొచ్చు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం కూలివాడి కూలి సూర్యుడు అస్తమించకముందే ఇచ్చేయమంటుంది, అతను దాని మీదే ఆశ పెట్టుకున్నాడు కాబట్టి. దీనికి ప్రార్థన అవసరం లేదు, పర్సు తీయాలి. కట్నం సంగతీ అంతే. 1961 నుంచి ఈ దేశంలో దాన్ని నిషేధించిన చట్టం ఉంది, పొరుగువాడి సొమ్ము ఆశించవద్దన్న ఆజ్ఞ అంతకన్నా ఎంతో ముందే ఉంది. అమ్మాయి కుటుంబం అప్పుల పాలయ్యేలా బేరమాడుతూ, ఈ సంబంధం దేవుని చిత్తమో కాదో చూపించమని మోకరించే ఇల్లు, ఇప్పటికే విన్న మాటను పక్కన పెట్టి ఇంకో మాట కోసం అడుగుతోంది. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలుకు జరిగింది ఇదే. అమాలేకీయుల మీద యుద్ధంలో చెప్పింది చేయకుండా మంచి పశువులను ఉంచుకుని, బలి కోసమే అన్నాడు. బలులు అర్పించడం కన్నా మాట వినడం శ్రేష్ఠం అని ప్రవక్త సమూయేలు అప్పుడే చెప్పాడు. ఏళ్ల తర్వాత ఫిలిష్తీయులు దండెత్తినప్పుడు సౌలు నిజంగానే భయపడి అడిగాడు. స్వప్నాల ద్వారా గానీ, దేవుని జవాబు తెలుసుకోవడానికి యాజకుడు వాడే ఊరీము ద్వారా గానీ, ప్రవక్తల ద్వారా గానీ జవాబు రాలేదు. అప్పుడు కూడా అతను పాత మాట దగ్గరికి తిరిగి రాలేదు, ఏన్దోరులో కర్ణపిశాచి ఉన్న స్త్రీ దగ్గరికి వెళ్లాడు.

జవాబు ముందే ఇవ్వని విషయాలూ ఉన్నాయి. కొంపల్లిలో ఫ్లాటా మియాపూర్‌లోనా, జావా నేర్చుకోవాలా డేటా సైన్స్ నేర్చుకోవాలా అన్నది ఏ ఆజ్ఞలోనూ లేదు. ఇక్కడ మన సంఘాలు అనవసరమైన భారం మోపుతున్నాయని నా అభిప్రాయం. విధవరాలు తనకిష్టమైనవాణ్ణి పెళ్లి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే అని పౌలు 1 కొరింథీయులు 7లో రాశాడు. అంటే ఒక కంచె ఉంది, దాని లోపల నిజమైన స్వేచ్ఛ ఉంది. జ్ఞానం కొదువైతే అడగమని యాకోబు చెప్పాడు, గద్దించకుండా ధారాళంగా ఇస్తానన్న దేవుణ్ణి అడిగి, ఆలోచించి, తెలిసినవాళ్లతో మాట్లాడి నిర్ణయం తీసుకోవచ్చు. తప్పు ఫ్లాట్ కొంటే దేవుని చిత్తం నుంచి శాశ్వతంగా పడిపోతామన్న భయం బైబిలు నేర్పింది కాదు. గొఱ్ఱెబొచ్చు మీద మంచు పడాలని గిద్యోను అడిగిన గుర్తును కూడా ఇక్కడ మాదిరిగా తీసుకోకూడదు. "నీవు సెలవిచ్చినట్టు" అని రెండుసార్లు తనే ఒప్పుకుంటూ గుర్తు అడిగాడు. అప్పటికే జవాబు ఉంది. దేవుడు అతని బలహీనతను ఓర్చుకున్నాడు, అంతే.

గుర్తుల గురించి మాట్లాడుకుంటే రెండు మాటలు మన నోట ఎక్కువగా వస్తాయి: "తలుపులు తెరుచుకున్నాయి", "నాకు సమాధానంగా ఉంది." రెండూ ఉపయోగపడతాయి, రెండూ సరిపోవు. నీనెవెకు వెళ్లమంటే దేవుని సన్నిధి నుంచి పారిపోతున్న యోనాకు యొప్పేలో తర్షీషు ఓడ సిద్ధంగా దొరికింది, టికెట్ డబ్బులు కూడా చేతిలో ఉన్నాయి. వీసా మొదటి ఇంటర్వ్యూలోనే వచ్చినట్టు అన్నీ కలిసొచ్చాయి. ఇక సమాధానం అంటారా, తుఫానులో ఓడ బద్దలయ్యేలా ఉంటే అతను అడుగున గాఢంగా నిద్రపోతున్నాడు. సంపూర్ణంగా లోబడిన యేసుకు మాత్రం గెత్సేమనేలో చెమట రక్తబిందువుల్లా నేలమీద పడింది. పౌలు ఆసియలో వాక్యం చెప్పకుండా, బితూనియకు వెళ్లకుండా ఆత్మ ఆపాక, త్రోయలో దర్శనం చూసి మాసిదోనియకు వెళ్లాడు. దర్శనం నిజమైనదే. ఫిలిప్పీలో ఆయనకు దొరికింది బెత్తం దెబ్బలు, కాళ్లకు బొండ. విధేయత ఉన్నచోట దారి సాఫీగా ఉంటుందని లెక్క వేసుకుంటే పౌలు తప్పు దారి పట్టాడని తేల్చాల్సి వస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. "నీ గురించి దేవుడు నాతో మాట్లాడాడు" అని ఒకరు వచ్చి చెబితే? 1 రాజులు 13లో యూదా నుంచి వచ్చిన దైవజనుడికి బేతేలులో రొట్టె తినకూడదని, నీళ్లు తాగకూడదని, వచ్చిన దారిన వెళ్లకూడదని ఆజ్ఞ ఉంది. యరొబాము రాజు భోజనానికి పిలిస్తే ధైర్యంగా కాదన్నాడు. కానీ ఒక ముసలి ప్రవక్త వచ్చి, నేనూ నీలాంటి ప్రవక్తనే, దేవదూత నాతో చెప్పాడు, రా అంటే వెళ్లాడు. ఆ ముసలాయన చెప్పింది అబద్ధం. తిరుగు దారిలో సింహం దైవజనుణ్ణి చంపేసింది. రాజు పిలుపుకు లొంగనివాడు ఆత్మీయ భాషకు లొంగిపోయాడు. "నువ్వే నా భార్యవని దేవుడు చూపించాడు" అన్న మాట విని నోరు మెదపలేక, కాదంటే దేవుణ్ణి కాదన్నట్టేనని బాధపడే ఆడపిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. అమ్మా, దేవుడు ఆ సంగతి మీతో కూడా చెప్పగలడు. మీకు చెప్పనిదాన్ని ఇంకొకరి దర్శనం కోసం తలకెత్తుకోనక్కర్లేదు. పెద్దలు ఇలాంటి చోట పిల్లల పక్కన నిలబడాలి.

అడిగే తీరు సరిగ్గా ఉన్నవాళ్లు కూడా బైబిల్లో ఉన్నారు, దావీదు వాళ్లలో ఒకడు. కెయీలా పట్టణాన్ని ఫిలిష్తీయుల చేతిలోంచి కాపాడాక, ఈ ఊరివాళ్లు నన్ను సౌలుకు అప్పగిస్తారా అని అడిగాడు. అప్పగిస్తారు అని జవాబు. తను ప్రాణానికి తెగించి కాపాడిన మనుషుల గురించి వినాలని ఎవరూ కోరుకోని మాట అది. వాదించకుండా 600 మందితో లేచి వెళ్లిపోయాడు. తర్వాత రాజయ్యాక రెఫాయీము లోయలో ఫిలిష్తీయుల మీదికి వెళ్లమన్న జవాబుతో గెలిచాడు. అదే శత్రువు అదే లోయలోకి మళ్లీ వచ్చినప్పుడు, కిందటిసారి జవాబు ఉంది కదా అనుకోలేదు. మళ్లీ అడిగాడు. ఈసారి ఎదురుగా వెళ్లవద్దు, వెనక నుంచి చుట్టుముట్టు, కంబళిచెట్ల కొనల్లో అడుగుల చప్పుడు వినబడ్డాక కదులు అని వేరే జవాబు వచ్చింది. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను అనే సంఘంలో ఏళ్ల తరబడి పరిచర్య చేసి, 2000లో ఈ నగరంలోనే ప్రభువు సన్నిధికి చేరిన భక్తసింగ్ గారు తన విశ్వాసులకు అలవాటు చేసింది కూడా ఇలాంటి ప్రార్థనే, ప్రతి నిర్ణయాన్నీ మోకాళ్ల మీద ఉంచడం. ఆ అలవాటు మన నగరంలోని ఎన్నో కుటుంబాల్లో ఇంకా ఉంది, దాన్ని పోగొట్టుకోకూడదని నా కోరిక.

ఇంతా చదివాక, నేను అప్పుడే ఐగుప్తు చేరిపోయాను కదా, ఇప్పుడేం చేయాలి అని అడిగేవాళ్లు ఉంటారు. వద్దన్న పెళ్లి జరిగిపోయింది, వద్దన్న అప్పు నెత్తిమీద ఉంది. పెళ్లి జరిగాక ఆ ఇంట్లో నమ్మకంగా ఉండడమే ఇప్పుడు ముందున్న ఆజ్ఞ, అప్పు ఉంటే నిజాయితీగా తీర్చడమే. యోనాకు యెహోవా వాక్కు రెండోసారి వచ్చిందని మూడో అధ్యాయం మొదట్లోనే ఉంది. ఆ రెండోసారి కొత్త ఊరు చెప్పలేదు. మళ్లీ నీనెవెకే వెళ్లమన్నాడు. యేసు చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానంలో కూడా ఒకడు "వెళ్తాను అయ్యా" అని వెళ్లలేదు, ఇంకొకడు "వెళ్లను" అని తర్వాత మనసు మార్చుకుని తోటకు వెళ్లాడు. తండ్రి ఇష్టప్రకారం చేసినవాడు ముందు కాదని తర్వాత వెళ్లినవాడే. కొత్త నడిపింపు కోసం ఎదురుచూస్తూ ఏమీ వినబడటం లేదనుకునేవాళ్లు, చివరిసారి స్పష్టంగా విన్న మాట ఏమిటో, అది చేశారో లేదో ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. ఎవరికైనా క్షమాపణ చెప్పాల్సి ఉండొచ్చు, తిరిగివ్వాల్సిన డబ్బు ఉండొచ్చు. వాటికి పది రోజులు ఆగనక్కర్లేదు.